కాపులుప్పాడ వైపు బోరు నీటి పరీక్ష: ఒక ప్రైవేటు ప్రయోగశాల సేవపై సమీక్ష

విశాఖపట్నంలో బోరు నీటిని పరీక్షించి నివేదిక ఇచ్చే ప్రైవేటు ప్రయోగశాలల్లో, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఒకదాని చేత ఈ వేసవిలో మా ఇంటి బోరు నీటిని పరీక్ష చేయించాను. మా ఇల్లు మధురవాడ దాటి కాపులుప్పాడ వైపు ఉంది. ఆ సేవ ఎలా ఉందో, పెట్టిన డబ్బుకు ఎంత ప్రయోజనం దక్కిందో చెప్పడానికే ఈ సమీక్ష. సంస్థ పేరు రాయడం లేదు. ప్యాకేజీల గురించి నేను విచారించిన మిగతా చోట్ల కూడా ఇంచుమించు ఇదే వరస కనిపించింది కాబట్టి, ఒక్కరినే పట్టుకుని తప్పుపట్టడం న్యాయం కాదు. ముందే తేల్చి చెప్పాలంటే, నమూనా తీసిన పద్ధతికి పూర్తి మార్కులు, నివేదిక రూపానికి సగం మార్కులు, ఏయే అంశాలు పరీక్షించాలన్న ఎంపికకు అంతకంటే తక్కువ. మామూలు చోట ఇల్లు కట్టుకున్నవారికి వారి ప్రాథమిక ప్యాకేజీ సరిపోతుంది. చెత్త యార్డు పరిసరాల్లో ఉన్నవారికి అది సరిపోదు. అడిగి మరికొన్ని చేర్పించుకోవాలి.

కాపులుప్పాడలో నగర పాలక సంస్థ డంపింగ్ యార్డు ఉన్న సంగతి విశాఖలో తెలియనివారు లేరు. ఏళ్ల తరబడి నగరపు చెత్త చేరిన ఆ స్థలంలోనే ఇప్పుడు చెత్తను మండించి విద్యుత్తు తీసే 15 మెగావాట్ల కేంద్రం ఉంది. పాత గుట్టలను తవ్వి జల్లించే బయోమైనింగ్ పనులను కూడా అక్కడ చేపట్టారు. అయినా, గుట్టగా పోసిన చెత్త ఎక్కడున్నా దాని మీద పడిన వానలో కొంత లోపలికి ఇంకక మానదు. కుళ్లుతున్న పదార్థాలను కరిగించుకుంటూ అడుగుకు దిగే ఆ నల్లని ఊటలో, అంటే లీచేట్‌లో, అమ్మోనియా, క్లోరైడు, ఇనుము, మాంగనీసు, రకరకాల సేంద్రియ పదార్థాలు, కొద్ది మోతాదుల్లో సీసం, కాడ్మియం వంటి లోహాలు ఉంటాయి. అడుగున ఆపే పొర లేకపోతే అది నేలలోకి, అక్కడి నుంచి భూగర్భ జలంలోకి దిగుతుంది. మా ప్రాంతపు నేల స్వభావం దీన్ని మరింత చిక్కు చేస్తుంది. విశాఖ కొండల రాయి ఖోండలైటు. పైన శిథిలమైన మెత్తని పొర, దాని కింద పగుళ్లు పట్టిన గట్టి రాయి ఉంటాయి. బోర్లకు నీరు అందేది ఆ శిథిల పొర నుంచీ ఆ పగుళ్ల నుంచీ. పగులు ఏ దిక్కుకు సాగితే నీరు ఆ దిక్కుకు పోతుంది కాబట్టి, పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఒకటి మంచిగా, ఇంకొకటి చెడ్డగా ఉండడం వింతేమీ కాదు. పక్కింటివారి నివేదిక చూసి మన నీరు బాగుందనుకోవడానికి వీల్లేదు. సొంతంగా ఖర్చు పెట్టుకోవలసి రావడానికి కారణం అదే.

ఈ సేవను దేనితో పోల్చి చూడకూడదో కూడా చెప్పాలి. మా కాలనీలో నీటి పరీక్ష అంటే చాలామందికి తెలిసినది, ఆర్వో మిషన్లు అమ్మేవారు ఇంటికి వచ్చి ఉచితంగా చేసి చూపించే ప్రదర్శన. బోరు నీళ్ల గ్లాసులో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. కాసేపటికే నీరు గోధుమ రంగుకు తిరిగి పైన తెట్టు కడుతుంది. పక్కన ఆర్వో నీళ్ల గ్లాసు తేటగా ఉంటుంది. చూసేవారి గుండె జారిపోతుంది, మిషన్ అమ్ముడుపోతుంది. ఆ రంగు నీటిలోని మురికి కాదు, కరెంటుకు కరిగిన ఇనుప కడ్డీ తాలూకు తుప్పు. లవణాలున్న ఏ మంచి నీటిలోనైనా అదే జరుగుతుంది. లవణాలు దాదాపు లేని ఆర్వో నీటిలో కరెంటు సరిగా పారదు కాబట్టి జరగదు. వారి చేతిలోని టీడీఎస్ మీటరు మోసం కాదు గానీ, అది చెప్పేది కరిగిన లవణాల మొత్తం ఎంత అన్న ఒక్క అంకె మాత్రమే. ఆ లవణాలు రాతి నుంచి వచ్చాయా, సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చాయా, చెత్త గుట్ట నుంచి వచ్చాయా అన్నది దానికి తెలియదు.

ఫోనులో బుక్ చేసుకునేటప్పుడే మొదటి నిరాశ ఎదురైంది. అవతల మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. సొంత బోరా, అపార్టుమెంటు బోరా, తాగడానికా, వాడకానికా అని అడిగి చిరునామా రాసుకుంది. బోరుకు దగ్గరలో ఏమున్నాయని మాత్రం అడగలేదు. కాపులుప్పాడ వైపు అని నేనే చెబితే, దూరం కాబట్టి నమూనా తెచ్చే చార్జీ అదనం అంది. ప్రాథమిక ప్యాకేజీలో రంగు, వాసన, మసక, పీహెచ్, టీడీఎస్, కఠినత్వం, క్షారత్వం, క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటు, ఫ్లోరైడు, ఇనుము, మల కాలుష్యాన్ని సూచించే కోలిఫాం బాక్టీరియా ఉన్నాయి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించి ఇచ్చిన ఐఎస్ 10500 ప్రమాణంలో ఇవన్నీ ముఖ్యమైనవే. కానీ చెత్త ఊట జాడ పట్టాలంటే అన్నిటికంటే ముందు చూడవలసిన అమ్మోనియా అందులో లేదు. మాంగనీసు లేదు, సేంద్రియ కాలుష్యాన్ని చూపే సీఓడీ లేదు, లోహాలు లేవు. అమ్మోనియా, మాంగనీసు, సీఓడీ, సీసం, కాడ్మియం అదనంగా కావాలని నేను కోరితే, ఆమె లోపల ఎవరినో కనుక్కొని వచ్చి చేస్తామని చెప్పింది. బిల్లు ప్రాథమిక ప్యాకేజీకి రెట్టింపు దాటింది. అందులో ఎక్కువ భాగం లోహాలకే. ఇవన్నీ కలిపి చెత్త యార్డుల దగ్గరివారికి ఒక ప్యాకేజీగా ఎందుకు పెట్టరని అడిగితే, "ఎవరూ అడగరు సార్" అంది. చుట్టూ డంపింగ్ యార్డు, స్టీలు ప్లాంటు, రేవు, పరవాడలో ఫార్మా సిటీ ఉన్న ఊళ్లో వ్యాపారం చేసే ప్రయోగశాలకు ఆ మాత్రం ఆలోచన తట్టకపోవడం నాకు వింతగానే తోచింది.

ఇక నమూనా తీసిన తీరు. ఈ సేవలో మెచ్చుకోవలసిన భాగం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. చెప్పిన రోజున చెప్పిన వేళకే ఒక కుర్రవాడు థర్మాకోల్ ఐసు పెట్టెతో వచ్చాడు. వంటింటి కుళాయి చూపిస్తే వద్దన్నాడు. "అది ట్యాంకు నీరు మాస్టారూ, మనకి బోరు నీరు కావాలి. మోటారు దగ్గర కుళాయేమైనా ఉందాండీ?" అని అడిగి, పైకి వెళ్లే పైపుకు ముందే ఉన్న చిన్న వాల్వు వెతికి పట్టుకుని, నీటిని కొబ్బరి మొక్కల పాదులోకి వదిలాడు. రాత్రంతా కేసింగు పైపులో నిలిచిన నీటికీ, చుట్టూ రాతిలో ఉన్న భూగర్భ జలానికీ పోలిక ఉండదు. గాలి తగిలి నిలవ నీటిలోని ఇనుము తుప్పుగా విడిపోయి ఉంటుంది, మిగతా పదార్థాలు కూడా కొంత మారిపోయి ఉంటాయి. ఆ నిలవంతా పోయి పగుళ్ల నుంచి కొత్త నీరు వచ్చేదాకా మోటారు నడవాలి. ఎంతసేపు నడవాలన్నది అతను గడియారం చూసి కాక, చేతిలోని కండక్టివిటీ మీటరు (నీటిలో కరెంటు ఎంత పారుతుందో కొలిచేది) చూసి నిర్ణయించాడు. మగ్గులో నీరు పట్టడం, మీటరు ముంచడం, అంకె రాసుకోవడం, కాసేపాగి మళ్లీ అదే పని. అంకె కదలకుండా నిలిచాకే సీసాలు బయటికి తీశాడు. ఉష్ణోగ్రత, పీహెచ్ అక్కడికక్కడే చూసి రాశాడు. నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు దారిలో ఎగిరిపోతే పీహెచ్ పెరుగుతుంది కాబట్టి, ప్రయోగశాలలో చూసే పీహెచ్ కంటే బోరు దగ్గర చూసినదే నమ్మదగినది.

సీసాలు నింపిన పద్ధతి ఇంకా ముచ్చటగా ఉంది. సూక్ష్మజీవుల పరీక్షకు తెచ్చిన స్టెరిలైజు చేసిన సీసాను చివరిదాకా విప్పలేదు. కుళాయి మూతిని స్పిరిటు దూదితో తుడిచి, వెలిగించిన దూదితో కాల్చి, కొంచెం నీరు వదిలాక, మూత లోపలి వైపు వేలు తగలనివ్వకుండా పట్టుకుని, పైన కాస్త ఖాళీ ఉండేలా నింపాడు. లోహాల సీసాలో అడుగున నైట్రిక్ ఆమ్లం చుక్కలు ఉన్నాయి. పీహెచ్ 2 కంటే తక్కువ ఉంటే తప్ప కరిగిన లోహం సీసా గోడలకు అంటుకోకుండా నిలవదు. ఆ సీసాలోకి పోసే నీటిని సిరంజికి బిగించిన చిన్న వడపోత గుండా పంపాడు, ఎందుకంటే వడపోయకుండా ఆమ్లంలో పోస్తే నీటితో వచ్చిన మట్టి రేణువుల్లోని లోహం కూడా కరిగి లెక్కలోకి వచ్చేస్తుంది. అమ్మోనియాకూ సీఓడీకీ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసిన వేరే సీసా, లవణాలకు ఏమీ వేయని పెద్ద సీసా. ప్రతిదాని మీదా తుడిచినా పోని పెన్నుతో సంఖ్య, తేదీ, వేళ రాసి ఐసు మధ్య సర్ది, నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ వేళకు మారిందో రాసే కాగితం మీద నా సంతకం తీసుకుని, నకలు నాకిచ్చాడు. ఇంతలో పక్కింటావిడ ప్రహరీ మీదుగా కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు అందిస్తూ, "ఇదీ ఓ సీసా పట్టుకెళ్లు బాబూ, డబ్బులు నేనిస్తాను" అంది. "అలా పట్టుకెళ్తే రిపోర్టు తప్పొస్తుందమ్మా, మీ డబ్బులు దండగ" అని నచ్చజెప్పి, ఆఫీసుకు ఫోను చేసి విడిగా బుక్ చేసుకోమన్నాడు. చేతికొచ్చిన బేరాన్ని అలా కాదనగలిగిన మనిషిని పంపిన సంస్థ మీద గౌరవం కలగడం సహజమే.

నివేదిక చెప్పిన గడువుకు కొంచెం ఆలస్యంగా ఈమెయిలులో వచ్చింది. ఆ ఆలస్యం పెద్ద విషయం కాదు. అందులోని లోపాలు పెద్దవి. మొదటిది, సీసం, కాడ్మియం గళ్లలో అంకెకు బదులు బీడీఎల్ అని మాత్రమే ఉంది. తమ యంత్రం కనిపెట్టగలిగిన కనిష్ఠ మోతాదు కంటే తక్కువ అని దాని భావం. ఆ కనిష్ఠ మోతాదు ఎంతో చెప్పకపోతే ఆ మూడక్షరాలకు విలువ లేదు. తాగునీటిలో సీసానికి లీటరుకు 0.01 మిల్లీగ్రాము, కాడ్మియానికి 0.003 మిల్లీగ్రాము హద్దులుగా ఉన్నప్పుడు, యంత్రం చూపే హద్దు అంతకంటే పైన ఉంటే, కనబడలేదంటే లేదని అర్థం కాదు. అడిగాక ఆ అంకెలు పంపారు, అవి సరిగ్గానే ఉన్నాయి. అడగనివారికి అవి ఎప్పటికీ తెలియవు. రెండవది, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు అన్నది ప్రయోగశాల మొత్తానికి గంపగుత్తగా ఇచ్చేది కాదు. ఐఎస్ఓ 17025 ప్రమాణం ప్రకారం ఒక్కొక్క అంశానికీ ఒక్కొక్క పద్ధతికీ విడివిడిగా ఇస్తారు, ఆ జాబితా ఎవరైనా చూసుకోవచ్చు. నాకు వచ్చిన కాగితాలు రెండు. ఒకదాని మీద ఎన్‌ఏబీఎల్ ముద్ర ఉంది, రెండవదాని మీద లేదు. ముద్ర లేని కాగితంలో ఉన్నది, నేను ప్రత్యేకంగా డబ్బు కట్టి చేర్పించుకున్న అమ్మోనియా. ఆ మాట బుకింగు నాడే చెప్పవలసింది.

ఫలితాల విషయానికి వస్తే (అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో), టీడీఎస్ ఆమోదయోగ్యమైన 500 దాటి, వేరే వనరు లేనప్పుడు అనుమతించే 2000కు లోపల ఉంది. కఠినత్వం కూడా 200కూ 600కూ మధ్యనే. క్లోరైడు 250కి లోపల ఉంది. అమ్మోనియా హద్దు 0.5 కాగా దానికి బాగా కిందనే ఉంది. ఇనుము, మాంగనీసు స్వల్పం. నైట్రేటు మాత్రం లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దును దాటింది. పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది కాబట్టి ఈ హద్దుకు ఎలాంటి సడలింపూ లేదు. కోలిఫాం బాక్టీరియా కూడా కనిపించింది. వీటన్నిటి కింద, తాగడానికి యోగ్యం కాదు అని ఒకే ఒక్క వాక్యం. ఎందువల్ల, ఎక్కడి నుంచి, ఏం చేయాలి అన్న మాట లేదు. ఆ వాక్యం మా వీధి వాట్సాప్ బృందంలోకి ఎక్కగానే, యార్డు నీరు మన బోర్లలోకి వచ్చేసిందని అందరూ తీర్మానించేశారు.

నేను ప్రయోగశాలకు ఫోను చేసి అక్కడి రసాయనవేత్తతో మాట్లాడతానని పట్టుబడితే, ఆయన ఓపికగా వివరించారు. నిజానికి నేను కట్టిన డబ్బుకు అసలు సరుకు ఆ సంభాషణే. ఆయన మొదట అడిగింది, "మీ వీధిలో డ్రైనేజీ లైను ఉందా మాస్టారూ, సెప్టిక్ ట్యాంకులేనా?" అని. సెప్టిక్ ట్యాంకులే. అప్పుడు ఆయన చెప్పిన తర్కం ఇది. చెత్త గుట్ట లోపల గాలి ఆడదు. అక్కడి నుంచి దిగిన ఊట దగ్గర్లోని భూగర్భ జలంలో ఉన్న ఆక్సిజన్‌ను, ఆ తరువాత నైట్రేటును సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి. అందుచేత ఊట బలంగా ఉన్న చోట నైట్రేటు తక్కువగా, అమ్మోనియా, ఇనుము, మాంగనీసు ఎక్కువగా ఉంటాయి. క్షారత్వం, క్లోరైడు, సీఓడీ కలిసికట్టుగా పెరుగుతాయి. అమ్మోనియా లేకుండా నైట్రేటు, దానికి తోడు కోలిఫాం ఉంటే, మొదట అనుమానించవలసింది గాలి ఆడే పై పొరలోంచి ఇంకే సెప్టిక్ ట్యాంకునూ పశువుల పేడ గుంతనూ. అయితే ఊట దూరం సాగి, మంచి నీటితో కలిసే అంచున అమ్మోనియా కూడా నైట్రేటుగా మారే వీలుంది కాబట్టి, ఒక్క నివేదికతో యార్డుకు సంబంధం లేదని చెప్పేయలేమని కూడా ఆయనే అన్నారు. క్లోరైడు నేలకు అంటుకోదు, దేనితోనూ కలిసిపోదు, నీటితో సమానంగా ప్రయాణిస్తుంది. కాబట్టి వాన ముందు, వాన తరువాత చూసి, క్లోరైడూ అమ్మోనియా కలిసి పెరుగుతున్నాయేమో గమనించమన్నారు. ఇంత విలువైన మాట నివేదికలో నాలుగు వాక్యాలుగా ఎందుకు రాయరన్నది నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఈ పరీక్ష అసలు ఇంటి యజమాని చేయించుకోవలసిన పనేనా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. నియమాల్లో ఏర్పాటు లేకపోలేదు. 2000 నాటి నియమాల స్థానంలో 2016 ఏప్రిల్ 8న కేంద్రం ప్రకటించిన, 2026లో కొత్తవి వచ్చేదాకా అమల్లో ఉన్న ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, కొత్త ల్యాండ్‌ఫిల్ (చెత్తను పూడ్చే స్థలం) అడుగున 90 సెంటీమీటర్ల దట్టించిన బంకమట్టి పొర, దాని మీద 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పొర ఉండాలని చెప్పాయి. ఆ మట్టి గుండా నీరు సెకనుకు సెంటీమీటరులో కోటో వంతుకు మించి దిగకూడదు, అంటే మామూలు ఒత్తిడిలో ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్లు. అవే నియమాల ప్రకారం, భూగర్భ జల మట్టం ఎంత పైకి వచ్చినా ఆ మట్టి పొరకు కనీసం 2 మీటర్ల కింద ఉండాలి. చెరువుకూ, నివాసాలకూ, తాగునీటి బావులకూ 200 మీటర్ల ఎడం, నదికి 100 మీటర్ల ఎడం ఉండాలి. ల్యాండ్‌ఫిల్ పెట్టక ముందే అక్కడి భూగర్భ జల నాణ్యత నమోదు చేయాలి. పెట్టాక సరిహద్దు నుంచి 50 మీటర్లలోపు నీటిని వేసవిలో, వానాకాలంలో, వానల తరువాత పరీక్షించాలి. మూసేశాక కూడా కనీసం 15 ఏళ్లు చూసుకోవాలి. అమెరికాలో ఈ గడువు 30 ఏళ్లు. చదువుతుంటే కట్టుదిట్టంగానే ఉంది. కానీ దేశంలోని పాత డంపింగ్ యార్డుల్లో అత్యధికం ఈ పొరలేవీ లేకుండా మొదలైనవే. పైగా 50 మీటర్ల గీత దాటాక ఉన్న ఇళ్ల బోర్లను ఎవరు చూడాలో ఆ నియమం చెప్పలేదు. మా ఇల్లు ఆ గీతకు చాలా బయట ఉంది. పగుళ్ల రాతిలో ప్రయాణించే నీటికి 50 మీటర్లంటే ఎంత! సరిహద్దు బావుల ఫలితాలను ఆ చుట్టుపక్కల సచివాలయాల్లో తెలుగులో అంటిస్తే, వాటి పక్కన పెట్టి చూసుకోవడానికి మా నివేదికలాంటివి పనికొస్తాయి. అవి కనబడనంతకాలం ఇది ఒంటరి కాగితమే.

న్యాయపరంగా ఈ నివేదికకు ఎంత బలం ఉందో ప్రయోగశాలవారు చెప్పరు, చెప్పవలసిన అవసరం కూడా వారికి లేదు. కొనేవారికి మాత్రం తెలిసి ఉండాలి. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం భూగర్భ జలాన్ని కూడా తన పరిధిలోకి తీసుకుంది. అయితే ఆ చట్టం 21వ సెక్షను కింద కోర్టులో సాక్ష్యంగా నిలవాలంటే, నమూనాను కాలుష్య నియంత్రణ మండలి అధికారి, సంబంధిత స్థలం వారికి నోటీసు ఇచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేసి తీయాలి. మనం తీయించుకున్న నివేదిక ఆ స్థానానికి రాదు; ఆ అధికారిని రప్పించడానికి ఫిర్యాదుకు జత చేసే ఆధారంగా పనికొస్తుంది. అందుకు విశాఖలో మండలి కార్యాలయం ఉంది. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలనుకుంటే, 2010 చట్టం ప్రకారం పర్యావరణ వివాదాన్ని కారణం తలెత్తిన నాటి నుంచి 6 నెలల్లోపు, నష్టపరిహారం కోరే దరఖాస్తును 5 ఏళ్లలోపు వేయాలి. అంటే నివేదిక మీద తేదీ, నమూనా చేతులు మారిన కాగితం చిన్న విషయాలు కావు, వాటిని జాగ్రత్త చేసుకోవాలి. ఆ కాగితాన్ని అడక్కుండానే ఇచ్చినందుకు ఈ సంస్థకు ఇంకొక మార్కు వేయవచ్చు.

యార్డును శుభ్రం చేస్తున్నారు కదా, ఇక పరీక్షలెందుకని మా వీధిలో కొందరు వాదించారు. శుభ్రం చేయడంలో రెండు వేర్వేరు పనులున్నాయి. బయోమైనింగ్‌లో పాత చెత్తను వరుసలుగా పేర్చి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, తిప్పి ఆరబెట్టి, పెద్ద జల్లెడల్లో మట్టినీ, ప్లాస్టిక్, గుడ్డ వంటి మండే సరుకునీ, రాళ్లనీ వేరు చేస్తారు. మండే సరుకు సిమెంటు కర్మాగారాలకూ విద్యుత్ కేంద్రాలకూ పోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీనికి 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇది ఊట పుట్టే చోటును తొలగిస్తుంది. ఇప్పటికే కిందికి దిగిన ఊటను ఇది తీయదు. అది పగుళ్లలో తన దారిన తాను పోతూనే ఉంటుంది, అందులోని అమ్మోనియా ఏళ్ల తరబడి తగ్గదు. దాని కోసం 2016 నియమాలే, గుట్టను తవ్వకుండా పైన కప్పి మూసే చోట్ల, ఇసుక వంటి ముతక నేలలైతే అదనంగా అడ్డుగోడలు కట్టడం, బావుల ద్వారా కలుషిత జలాన్ని తోడి శుద్ధి చేయడం వంటి చర్యలను పేర్కొన్నాయి. అవి ఖరీదైనవి, నిదానమైనవి. ఇంకొక సంగతి, తవ్విన గుట్ట వానకు మరింత తెరుచుకుని ఉంటుంది. నైరుతి వానలూ, ఆ వెనుక అక్టోబరు, నవంబరు తుపాన్లూ వచ్చే మన తీరంలో పని నడిచే కాలంలోనే ఊట ఎక్కువగా దిగే ప్రమాదం ఉంది. కాబట్టి బోరు పరీక్ష అవసరం శుద్ధి మొదలైనప్పుడు తగ్గదు, పెరుగుతుంది. పాత చెత్త తవ్వకం జరుగుతున్న కాలానికి ఏడాది చందాగా, రెండు మూడు కాలాల నమూనాలు కలిపి తక్కువ ధరకు ఇస్తే ఈ ప్రయోగశాలకే గిరాకీ ఉంటుంది.

ఇక ధర. ఊరి చివరి ఇళ్లకు ఇది భారమే. అయిదారు ఇళ్లు కలిసి ఒకే రోజు బుక్ చేసుకుంటే రవాణా ఖర్చు పంచుకోవచ్చు. ఆ సౌకర్యం ఉందని నమూనా తీసిన కుర్రవాడు చెప్పాడు గానీ వారి ప్రకటనల్లో ఎక్కడా లేదు. లోహాలను అందరూ చేయించనక్కర లేదు. అందరూ క్లోరైడు, అమ్మోనియా, మాంగనీసు, సీఓడీ చూసుకుని, వాటిలో తేడా కనిపించిన బోరుకు మాత్రం లోహాలు చేయిస్తే ఖర్చు చాలా తగ్గుతుంది. ఈ సలహా ఇచ్చినదీ ఆ రసాయనవేత్తే. ఇలా చేస్తే తమ బిల్లు తగ్గుతుందని తెలిసి కూడా.

మొత్తం మీద 5కు మూడున్నర ఇస్తాను. వానల తరువాతి నమూనాకు కూడా వీరినే పిలవాలని నిర్ణయించాను. ఈసారి మా వీధిలో నలుగురం కలిసి బుక్ చేస్తున్నాం. పక్కింటావిడ పేరు జాబితాలో మొదట ఉంది. మీరు ఫోను చేసేటప్పుడు, డంపింగ్ యార్డు దగ్గరి బోరు అని మొదటే చెప్పండి. అమ్మోనియా, మాంగనీసు, సీఓడీ చేర్చమనండి. వాటిలో ఏవి ఎన్‌ఏబీఎల్ పరిధిలో ఉన్నాయో, ప్రతి అంశానికీ వారి యంత్రం కనిపెట్టే కనిష్ఠ మోతాదు ఎంతో నివేదికలో రాయాలని ముందే అడగండి. మోటారు దగ్గర కుళాయి లేకపోతే ప్లంబరు చేత ముందు రోజే పెట్టించుకోండి. ఆదివారం నమూనాలు తీయరు. శనివారం తీసుకుంటారు గానీ సూక్ష్మజీవుల పరీక్ష ఆ సాయంత్రమే మొదలవుతుందో లేదో కనుక్కోవాలి, లేకపోతే సోమవారం పెట్టుకోవడమే మేలు.